పద్నాలుగు అంగుళాల పౌడర్

శనివారం పొద్దున్నే ఆరింటికల్లా రత్నరాజు కోటు తొడుక్కుని సిద్ధమయ్యాడు. ఆరోజు చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. ఏడింటికి పైఆఫీసరు కార్ల్‌సన్ కారు తీసుకొస్తాడు. భార్యాభర్తలిద్దరూ ఎక్కి కూర్చోవాలి. ఊరవతల కొండల్లో ఎక్కడో భోజనం చెయ్యాలి. నాలుగింటికల్లా ఇంటికి వచ్చెయ్యాలి. అంతే.

వంటింట్లో దెబోరా మూడు ఖాళీ కాఫీసీసాలు వరసగా పెట్టి, ఒకదాన్లో కందిపొడి, ఒకదాన్లో నువ్వులపొడి, చిన్నదాన్లో కారప్పొడి నింపుతోంది. బాసుగారింటి పిలుపు కదా అని నెమలిపింఛం రంగు పట్టుచీర కట్టుకుంది.

"ఏమండీ, ఆయన పొడి తెమ్మన్నాడా, మీరే తెస్తానన్నారా?" అని అడిగింది.

"ఆయనే అడిగాడు. 'పౌడర్ అంటే నీకు ఇష్టమేనా' అని ఎంత ప్రేమగా అడిగాడనుకున్నావ్!"

విషయం ఏమిటంటే, అంతకుముందు రోజు మధ్యాహ్నం రత్నరాజు ఆఫీసులో టిఫిన్ డబ్బా తెరిచి అన్నంలో కారప్పొడి కలుపుకుంటున్నాడు. కిటికీ బయట మంచు కురుస్తోంది. కార్ల్‌సన్ వచ్చి బల్లమీద చెయ్యివేసి, "రాజూ, రేపటికి పద్నాలుగు అంగుళాల పౌడరట! నీకు పౌడర్ ఇష్టమేనా?" అన్నాడు. అంగుళాల లెక్క రత్నరాజుకి బోధపడలేదు. ఈ దేశంలో దేన్నయినా కొలుస్తారు కదా అని ఊరుకున్నాడు.

"పౌడర్ లేందే నాకు రోజు గడవదు సార్," అన్నాడు.

"ఎప్పటినుంచీ?"

"చిన్నప్పటినుంచీ సార్. మా నాయనమ్మ అలవాటు చేసింది. ఆవిడ ఎనభై ఏళ్లొచ్చినా మానలేదు."

కార్ల్‌సన్ కళ్లు పెద్దవయ్యాయి. "మీ ఊరు హిమాలయాల్లోనా?"

"బాపట్ల దగ్గర సార్."

బాపట్ల అంటే ఏదో శిఖరం పేరనుకున్నాడు కార్ల్‌సన్. "అయితే రేపు రా. భార్యని కూడా తీసుకురా. హెడ్డాఫీసు నుంచి బ్రూస్టర్ గారు కూడా వస్తున్నారు," అన్నాడు.

ఆ పేరు వినగానే రత్నరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. బ్రూస్టర్ అంటే కంపెనీ వైస్ ప్రెసిడెంటు. 1983వ సంవత్సరం అది. పని తగ్గిందని ఆఫీసులో అప్పటికే పదకొండుమందిని ఇంటికి పంపారు. సోమవారం ఇంకొన్ని పేర్లు వస్తాయని అందరూ గుసగుసలాడుకుంటున్నారు. రత్నరాజు టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి ఈ సాల్ట్ లేక్ సిటీకి వచ్చి రెండు నెలలే అయింది. దెబోరా పదిహేనేళ్ల అనుభవమున్న నర్సే గానీ, ఈ రాష్ట్రంలో ఆమెకి లైసెన్సు ఇంకా రాలేదు. అందుకని కొండకి రమ్మంటే కొండకి, కోనకి రమ్మంటే కోనకి వెళ్లడానికి అతను సిద్ధంగా ఉన్నాడు.

ఏడింటికి కారు వచ్చింది. దాని నెత్తిన, మంచుమీద జారడానికి కాళ్లకి తగిలించుకునే స్కీలు రెండు జతలు కట్టి ఉన్నాయి. రత్నరాజు వాటిని చూశాడు గానీ, అమెరికావాళ్లు కారు నెత్తిన సైకిళ్లూ పడవలూ కూడా కట్టుకుని తిరగడం ఎరిగినవాడు కనక గాభరా పడలేదు. కందిపొడి, నువ్వులపొడి సీసాలు కారు వెనక పెట్టి, కారప్పొడి సీసా మాత్రం కోటు లోజేబులో పెట్టుకున్నాడు. సమయం చూసి బ్రూస్టర్ గారికి స్వయంగా అందించాలని అతని ఆలోచన.

గంట తరవాత కొండల నడుమ ఒక పెద్ద చెక్క భవనం ముందు దిగారు. ఆరడుగుల మనిషి, తెల్లమీసాలు, ఎర్రటి టోపీ, ఎదురొచ్చి రత్నరాజు చెయ్యి పట్టుకుని ఊపాడు. అతనే బ్రూస్టర్. "నీ గురించి కార్ల్‌సన్ చెప్పాడు. మీ నాయనమ్మ గురించి కూడా!" అన్నాడు.

నాయనమ్మ కీర్తి హెడ్డాఫీసు దాకా పాకినందుకు రత్నరాజు పొంగిపోయాడు.

లోపల స్కీలు అద్దెకిచ్చే చోట పెద్ద వరస ఉంది. భోజనానికి ముందు పిల్లలు ఆడుకునే చోట నాలుగడుగులు వేయిస్తారు కాబోలనుకుని రత్నరాజు కూడా నిలబడ్డాడు. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కళ్లద్దాలకి ఆవిరి పట్టి, పూర్తిచెయ్యమని వాళ్లు చేతికిచ్చిన కాగితం అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది.

"దెబోరా, ఇదేదో ఒకటి, రెండు, మూడు అని ఉంది. నువ్వు ఏ రకం అని అడుగుతున్నారు."

"రైల్లో క్లాసుల్లాగానా?"

"అలాగే ఉంది."

"అయితే మూడు పెట్టండి. పెద్దవాళ్ల ముందు ఫస్ట్ క్లాసని గొప్పలకి పోతే బాగోదు."

రత్నరాజు మూడుకి గుర్తు పెట్టాడు. అక్కడి కుర్రాడు దాన్ని చూసి, అతన్ని చూసి, మరోసారి కాగితం చూసి, మర్యాదగా తలవంచాడు. అక్కడ ఒకటో రకం అంటే నేర్చుకునేవాడు. మూడో రకం అంటే ఆరితేరినవాడు. ఆరితేరినవాడికి, కొండ కూలినా ఊడకుండా స్కీలని బూట్లకి గట్టిగా బిగించి ఇస్తారు. రత్నరాజుకి అలాగే బిగించి ఇచ్చారు.

పక్కనే కాఫీ అమ్ముతున్నారు. బ్రూస్టర్ చేతిలో కప్పుతో వచ్చి, "బ్లాక్ అయితే నీకు అభ్యంతరం లేదుగా?" అని అడిగాడు.

పాలూ పంచదారా లేని కాఫీ రత్నరాజు జన్మలో తాగలేదు. కానీ పిలిచి ఇస్తున్న పెద్దమనిషిని పాలకోసం తిప్పడమా? "బ్లాక్ అయితే మరీ మంచిది సార్. నాకు అలవాటే," అన్నాడు.

బ్రూస్టర్ ఫెళ్లున నవ్వి భుజం తట్టాడు. వెనకాల నుంచున్న కార్ల్‌సన్ మాత్రం ఎందుకో తెల్లబోయాడు. "రాజూ, సరిగ్గా ఆలోచించుకో. కావాలంటే బ్లూ కూడా ఉంది. గ్రీన్ కూడా ఉంది," అన్నాడు.

నీలం కాఫీ, పచ్చ కాఫీ కూడా దొరుకుతాయని రత్నరాజుకి ఇంతవరకూ తెలియదు. "అబ్బే, నాకోసం శ్రమపడకండి సార్. బ్లాకే కానివ్వండి," అన్నాడు.

చాలాసేపు చూశాడు గానీ కాఫీ రాలేదు. బ్రూస్టర్ అందరినీ తీగమీద నడిచే కుర్చీల వైపు తోలుకుపోయాడు. దెబోరా పట్టుచీర మీద కోటు కప్పుకుని భవనం అరుగు మీదే ఆగిపోయింది.

"ఏమండీ, అంత పైకెందుకు?"

"పౌడర్ పైనే బాగుంటుందట. అక్కడే భోజనం కాబోలు," అన్నాడు రత్నరాజు.

ముందు కుర్చీలో బ్రూస్టర్, వెనక కుర్చీలో రత్నరాజు, కార్ల్‌సన్. కుర్చీ గాలిలోకి లేచింది. కాళ్లకింద నేల చెట్ల కొసలంత దూరమయింది. బాపట్ల వైపు నేలంతా పళ్లెంలా చదునుగా ఉంటుంది. అక్కడ ఎత్తంటే చర్చి గంట వేలాడే గోపురం ఒక్కటే. విమానం మాట అటుంచితే, అంతకన్నా పైకి రత్నరాజు ఎక్కడం ఇదే మొదలు. ఇనపకడ్డీని రెండు చేతులా కావిలించుకుని, ధైర్యం కోసం మాట కలిపాడు.

"సార్, నా పౌడర్ జేబులోనే ఉంది."

కార్ల్‌సన్ నీరసంగా నవ్వాడు. "జేబులో ఎందుకు? అదిగో, చూడు. ఒక్కరు కూడా కాలుపెట్టని పౌడర్!" అంటూ చెయ్యి చాపాడు.

రత్నరాజు చూశాడు. నిట్టనిలువు కొండ. దానిమీద రాత్రి కురిసిన మంచు, జల్లెడ పట్టిన పిండిలా తెల్లగా, మెత్తగా, మచ్చ లేకుండా పరుచుకుని ఉంది. ఒకచోట కర్రకి నల్లటి వజ్రం గుర్తు వేలాడుతోంది. దాని పక్కన 'గ్రీన్ దారి తేలిక, బ్లూ మధ్యరకం, బ్లాక్ ఆరితేరినవాళ్లకి మాత్రమే' అని రాసి ఉంది. అది చదవగానే పౌడరంటే ఏమిటో, బ్లాకంటే ఏమిటో, మూడో రకమంటే ఏమిటో అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. అర్థమయ్యేసరికి కుర్చీ నేలకి అరవై అడుగుల ఎత్తున ఉంది.

"సార్, ఒక్క మాట..." అన్నాడు.

సరిగ్గా అప్పుడే కార్ల్‌సన్ కూడా గొంతు తగ్గించి, "రాజూ, నీకొకటి చెప్పాలి. సోమవారం ఇద్దరిలో ఒకర్ని తీసేస్తారట. బ్రూస్టర్ ఇవాళ ఆ సంగతి తేల్చుకుంటాడు. వెనకాడేవాళ్లంటే ఆయనకి గిట్టదు," అన్నాడు.

రత్నరాజు చెప్పబోయిన ఆ ఒక్క మాటనీ మింగేశాడు.

పైన కుర్చీ దిగేటప్పుడు రత్నరాజు కార్ల్‌సన్ మోచెయ్యి వదలకుండా పట్టుకున్నాడు కనక పడకుండా బయటపడ్డాడు. ముగ్గురూ అంచు దగ్గర నిలబడ్డారు. రత్నరాజు కిందికి తొంగిచూశాడు. ఎక్కడో అడుగున భవనం అగ్గిపెట్టెలా ఉంది. దాని అరుగు మీద ఒక నెమలిరంగు చుక్క. ఆ చుక్కని చూడగానే అతనికి గుండె చెరువయింది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోచోట దొరుకుతుంది. దెబోరాకి ఇంకో మొగుణ్ని ఎవరు వెతికిపెడతారు? ఉన్నమాట చెప్పేద్దామనుకున్నాడు. చూపుడువేలు పైకెత్తి, "సార్, మీతో ఒక సంగతి..." అంటూ బ్రూస్టర్ వైపు తిరిగాడు.

తిరగడమే పొరపాటయింది. అతను ఇటు తిరిగితే స్కీల కొసలు అటు, పల్లానికి తిరిగాయి.

తరవాత జరిగినదాంట్లో రత్నరాజు ప్రమేయమేమీ లేదు. మంచు మొదట మోకాళ్ల దాకా వచ్చింది, తరవాత నడుం దాకా, ఆపైన ఛాతీ దాకా. స్కీలు ఎక్కడున్నాయో కనిపించడం లేదు. రెండువైపులా తెల్లటి దుమ్ము రెక్కల్లా లేస్తోంది. "యేసయ్యా! యేసయ్యా!" అని గొంతు చించుకుని కేకపెట్టాడు.

పైనున్న బ్రూస్టర్‌కి అది "యెస్! యెస్!" అని వినబడింది. "చూశావా కార్ల్‌సన్, ఎంత ఆనందంగా అరుస్తున్నాడో!" అన్నాడు.

భయంతో రత్నరాజు కాళ్లు వణికి, మోకాళ్లు వంగి, కుర్చీలో కూచున్నట్టు వెనక్కి ఒరిగాడు. లోతు మంచులో ఆ రోజుల్లో ఆరితేరినవాళ్లు అలాగే వెనక్కి ఒరిగి జారేవారు.

"ఆ కూర్చోవడం చూడు! నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదంటే ఇదీ!" అని బ్రూస్టర్ మురిసిపోయాడు.

అంతలో మంచుకింద ఏదో బండరాయి ఎత్తుగా తగిలింది. రత్నరాజు గాలిలోకి లేచాడు. ఒక పల్టీ కొట్టి తలకిందులుగా మంచులో దిగబడ్డాడు. మామూలుగా పడితే స్కీలు వాటంతటవే ఊడిపోవాలి. మూడో రకం కనక ఊడలేదు. రెండు కాళ్లూ, రెండు స్కీలూ కత్తెరలా ఆకాశంలో నిలబడిపోయాయి. జేబులో సీసా మూత మాత్రం ఊడిపోయింది. పావుకిలో కారప్పొడి అతని మెడమీదా, మొహంమీదా, చుట్టూ అయిదడుగుల మేర తెల్లటి మంచుమీదా పరుచుకుంది.

పైనుంచి చూసేవాళ్లకి అది కారప్పొడిలా కనిపించలేదు.

"రక్తం!" అన్నాడు కార్ల్‌సన్. మరుక్షణం తిన్నగా, ఎక్కడా వంపు తిరక్కుండా, ఆ కొండమీదినుంచి కిందికి వచ్చేశాడు. రత్నరాజుకి పది గజాల దూరంలో బొక్కబోర్లా పడి, మోకాలు పట్టుకుని మూలిగాడు. బ్రూస్టర్ సహాయం తీసుకొస్తానని కేకవేసి, ఎక్కొచ్చిన కుర్చీలోనే కూర్చుని జాగ్రత్తగా కిందికి దిగిపోయాడు.

మంచులో ప్రమాదాలు జరిగితే ఆదుకునే మనుషులు ఇద్దరు, పడవలాంటి బండి లాక్కుని వచ్చారు. రత్నరాజుని కాళ్లు పట్టి పైకి లాగారు. అతని మొహం చూసి వాళ్లలో పెద్దవాడు రేడియోలో, "తలకి దెబ్బ. నెత్తురు చాలా పోయింది," అని చెప్పాడు.

రత్నరాజుకి దెబ్బేమీ తగల్లేదు. నోట్లో, ముక్కులో, కళ్లల్లో కారం. నిజం చెప్దామని నోరు తెరిచాడు గానీ మంట నసాళానికెక్కి ఇంగ్లీషు మొత్తం మరిచిపోయాడు. "కారం! కారం!" అని మాత్రం అనగలిగాడు.

"ఏమంటున్నాడు?"

"కారు అంటున్నాడు. కారు గుద్దిందనుకుంటున్నాడు పాపం. మతి చలించింది!"

రేడియోలో ఆ సంగతి కూడా చేరవేశారు. రత్నరాజు తల అడ్డంగా ఊపాడు. తల ఊపకూడదని దాన్ని పట్టీలతో బండికి కట్టేశారు. చేతులు ఊపాడు. చేతులూ కట్టేశారు. ఈ హడావుడిలో పెద్దవాడు కారం అంటిన చేతితొడుగుతోనే చెమట పట్టిన మొహం తుడుచుకున్నాడు. దాంతోనే కళ్లు కూడా తుడుచుకున్నాడు. "అమ్మో! నాకేమీ కనబడ్డంలేదు!" అని గావుకేక పెట్టి మంచులో కూలబడ్డాడు. రేడియోలో మూడో క్షతగాత్రుడి కబురు వెళ్లింది. ఇంకో రెండు బళ్లు బయలుదేరాయి.

వార్త కొండ దిగేసరికి ఒకడు చచ్చాడనీ, ఒకడికి కాలు తెగిందనీ, ఒకడి కళ్లు పోయాయనీ అయింది. అరుగు మీద జనం మూగారు. మూడు బళ్లూ వరసగా వచ్చి ఆగాయి. పట్టుచీర కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని, జనాన్ని తోసుకుంటూ దెబోరా పరిగెత్తుకొచ్చింది.

"జరగండి! నేను నర్సుని! ఆయన మా ఆయన!"

మొగుడి మొహం నిండా ఎరుపు చూసి బండి పక్కన కూలబడింది. తరవాత పదిహేనేళ్ల ఆస్పత్రి అనుభవం ముందుకొచ్చింది. నెత్తురయితే గడ్డకట్టాలి. ఇది రాలుతోంది. వంగి వాసన చూసింది. హాచ్చని గట్టిగా తుమ్మింది.

"ఏమండీ! ఇది మన కారప్పొడి కాదూ?"

"అదే... మొర్రో... అంటున్నాను," అన్నాడు రత్నరాజు.

"ఇంకెక్కడన్నా నెప్పి ఉందా?"

"ఎక్కడా లేదు. ముందు ఈ కట్లు విప్పమని చెప్పు!"

ఆమె కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. అవి దుఃఖం వల్లో, సంతోషం వల్లో, కారం వల్లో ఆమెకే తెలియలేదు. కొంగుతో తుడుచుకోబోయి, కొంగుకీ కారం అంటుకుందని గమనించి మానేసింది. వెంటనే కాఫీ అమ్మేవాణ్ని కేకేసి ఉన్న పాలన్నీ తెప్పించింది. గుడ్డ తడిపి మొగుడి మొహం తుడిచింది. బండి లాక్కొచ్చిన పెద్దవాడి కళ్లు పాలతో కడిగేసరికి అతనికి మళ్లీ చూపు వచ్చింది. ఆమెని చూసి "దేవదూత" అన్నాడు. కార్ల్‌సన్ మోకాలు నొక్కి చూసి, "ఇది మాత్రం నిజంగానే విరిగినట్టుంది. కదపకండి," అంది.

మధ్యాహ్నం రెండింటికి ఆస్పత్రిలో కార్ల్‌సన్ కాలికి పిండికట్టు వేశారు. బ్రూస్టర్ మంచం పక్కన నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కార్ల్‌సన్, నేను ముప్పై ఏళ్లుగా మనుషుల్ని చూస్తున్నాను. కింద పనిచేసేవాడి నెత్తురు చూసి ప్రాణానికి తెగించి దూకినవాణ్ని ఇంతవరకూ చూడలేదు. సోమవారం సంగతి మరిచిపో," అన్నాడు. రత్నరాజు చెయ్యి కూడా ఊపి వెళ్లిపోయాడు.

తలుపు మూసుకుంది.

రత్నరాజు మంచం దగ్గరికి జరిగాడు. "సార్, మీ ఋణం నేను తీర్చుకోలేను. కానీ నిజం చెప్పకపోతే పాపం. నాకు స్కీయింగ్ రాదు. ఇవాళే మొదలు. ఉద్యోగం పోతుందేమోనని భయపడి నోరు మూసుకున్నాను."

"నీ ఉద్యోగమా? నీ పేరు ఆ జాబితాలో ఎప్పుడూ లేదే!"

"ఇద్దరిలో ఒకరన్నారు కదా సార్?"

"ఒకణ్ని నేను. రెండోవాడు పక్క డిపార్ట్‌మెంటు మేనేజరు," అన్నాడు కార్ల్‌సన్. "ఇంకో సంగతి. నాకూ స్కీయింగ్ రాదు. పన్నెండేళ్లుగా ప్రతి చలికాలం బ్రూస్టర్‌తో వస్తాను. ప్రతిసారీ నడుం నెప్పో, కడుపునెప్పో చెప్పి కిందే ఉండిపోతాను. ఈసారి నువ్వెంత ఆరితేరినవాడివైనా ఈ కొండకి కొత్త కదా, మొదటిరోజు నీకు తోడుగా పిల్లల చోటే ఉంటానని చెప్పి తప్పించుకుందామనుకున్నాను. నువ్వేమో బ్లాకే కావాలన్నావు!"

"నేను కాఫీ అనుకున్నాను సార్."



దెబోరా దిండు సర్దుతూ, "ఏమైనా మీరు గొప్పవారండీ. స్కీయింగ్ రాకపోయినా మా ఆయన కోసం దూకారు," అంది.

కార్ల్‌సన్ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"దూకలేదమ్మా. నాకు చిన్నప్పటినుంచీ రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. నిలబడ్డచోటే స్పృహ తప్పింది. మెలకువ వచ్చేసరికి కింద ఉన్నాను."

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ముందు దెబోరా నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది. తరవాత రత్నరాజు భుజాలు కదిలాయి. చివరికి కార్ల్‌సన్ కూడా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వినప్పుడల్లా మోకాలు నెప్పిపుట్టి "అబ్బా" అంటూ, మళ్లీ నవ్వుతూ, నర్సు వచ్చి కసిరేదాకా ఆగలేదు.

ఆ తరవాత పదకొండేళ్లు ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు. సెలవులొస్తే ఇద్దరూ సముద్రం ఒడ్డుకే వెళ్లేవారు, అదీ చెరో సముద్రానికి.